రాత్రి డ్యూటీకి రెండు ఛార్జీలా?

లండన్‌లోని ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సును ఊహించుకోండి. పదింటికి బయల్దేరుతుంది, పొద్దున ఆరింటికి ఇంటిదారి పడుతుంది. ఉన్నది పాత యూరో 5 డీజిల్ కారు (బండి పొగకు యూరప్ పెట్టిన ప్రమాణాల్లో యూరో 6 కంటే ముందుది). ఎక్కువ పొగ వదిలే పాత బండ్ల మీద అక్కడ వేసే యూలెజ్ ఛార్జీని అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా ఒక రోజుగా లెక్కేస్తారు కాబట్టి వెళ్లేటప్పుడు ఒక తేదీకి 12.50 పౌండ్లు, వచ్చేటప్పుడు మరో తేదీకి ఇంకో 12.50, అంటే ఒక్క డ్యూటీకి 25 పౌండ్లు కట్టాలి. వరసగా ఐదు రాత్రులు చేస్తే ఆరు తేదీలు తగులుతాయి, 75 పౌండ్లు. అదే రకం కారులో పొద్దున్నుంచి రాత్రి దాకా ఊరంతా తిరిగినవాళ్లకు మాత్రం రోజుకు 12.50తో సరి.

ఇది చెబుతున్నానని నేను ఈ ఛార్జీలకు వ్యతిరేకినని అనుకోవద్దు. ఎల్లా అడూ కిస్సీ డెబ్రా అనే తొమ్మిదేళ్ల పాప 2013లో ఉబ్బసంతో చనిపోయింది. ఆమె ఇల్లు దక్షిణ లండన్‌లో రద్దీగా ఉండే సౌత్ సర్క్యులర్ రోడ్డుకు దగ్గరలోనే. ఆ మరణానికి వాయు కాలుష్యం కూడా కారణమని కరోనర్ (మరణాలపై విచారణ చేసే అధికారి) తేల్చడానికి 2020 డిసెంబరు దాకా పట్టింది. 2021 అక్టోబరులో యూలెజ్‌ను విస్తరించినప్పుడు హద్దు ఆ రోడ్డు దాకా వచ్చింది కానీ రోడ్డును మాత్రం కలుపుకోలేదు. 2023 ఆగస్టులో నగరం మొత్తానికీ వర్తింపజేశాకే అదీ లోపలికి వచ్చింది. కారే లేనివాళ్లు, పెద్ద రోడ్ల పక్కన అద్దె తక్కువని ఉండేవాళ్లు, వాళ్ల పిల్లలు పీల్చే పొగకు ఎవరూ రసీదు ఇవ్వరు. అందుకే "పేదలపై భారం" అన్న ఒక్క మాటతో ఛార్జీని కొట్టిపారేస్తే నేను ఒప్పుకోను, ఆ భారం ఇప్పటికే పేదల ఊపిరితిత్తుల మీద ఉంది.

కానీ ఛార్జీ అవసరమని ఒప్పుకున్నంత మాత్రాన వేసిన తీరంతా న్యాయమైపోదు. అసలు ఇన్ని డీజిల్ కార్లు రోడ్ల మీదికి ఎలా వచ్చాయి? బ్రిటన్‌లో 2001 నుంచి కారు పన్నును కార్బన్ డయాక్సైడ్ లెక్కన వేశారు, ఆ లెక్కలో డీజిల్‌కు పన్ను తక్కువ పడేది, జనం కొన్నారు. డీజిల్ పొగలో ఊపిరితిత్తులకు హాని చేసే నైట్రోజన్ ఆక్సైడ్ల సంగతి అప్పుడు వెనక్కి పోయింది. 2015లో ఫోక్స్‌వ్యాగన్ బండారం బయటపడింది, పరీక్షలో ఒకలా, రోడ్డు మీద ఇంకోలా నడిచే సాఫ్ట్‌వేర్ ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.1 కోట్ల బండ్లలో ఉందని ఆ కంపెనీయే ఒప్పుకుంది. ప్రభుత్వం ప్రోత్సహించింది, కంపెనీ మోసం చేసింది, చివరికి ఆ కారును సెకండ్ హ్యాండ్‌లోనో థర్డ్ హ్యాండ్‌లోనో కొనుక్కున్న మనిషి రోజువారీ కడుతున్నాడు.

మరోవైపు నిన్న షోరూం నుంచి దిగిన రెండు టన్నుల డీజిల్ ఎస్‌యూవీ యూరో 6 కాబట్టి దానికి పైసా పడదు, రోజుకు ఎన్ని మైళ్లు తిరిగినా సరే. టైర్ల నుంచి, బ్రేకుల నుంచి లేచే ధూళిని ఈ ఛార్జీ అసలు పట్టించుకోదు.

నన్ను బాగా బాధపెట్టింది మాత్రం చేసిన వరస. పాత బండిని తుక్కుకు ఇచ్చేవాళ్లకు కారుకు 2,000 పౌండ్ల దాకా ఇచ్చిన పథకం మొదట్లో కొన్ని రకాల ప్రభుత్వ సాయం అందుకునేవాళ్లకే పరిమితం. లండన్‌వాసులందరికీ దాన్ని తెరిచింది 2023 ఆగస్టు 21న, ఛార్జీ నగరం మొత్తానికీ మొదలైంది ఆగస్టు 29న. మధ్యలో ఎనిమిది రోజులు! ఎనిమిది రోజుల్లో దరఖాస్తు పెట్టి, డబ్బు చేతికొచ్చి, ఇంకో కారు వెతికి కొనుక్కోగలిగేది ఎవరు? ఆ జులైలో లండన్ శివారు అక్స్‌బ్రిడ్జ్‌లో జరిగిన ఉప ఎన్నికలో మేయర్ పార్టీ అయిన లేబర్ 495 ఓట్ల తేడాతో ఓడింది, ఆ తర్వాతే పథకాన్ని అందరికీ తెరిచారు. నగర సరిహద్దు బయట ఉంటూ లోపలికి పనికొచ్చేవాళ్లకైతే ఆ సాయమూ అందలేదు, ఛార్జీ వేసిన మేయర్‌ను ఎన్నుకునే ఓటూ లేదు. మన నర్సు ఇల్లు సరిహద్దుకు అటువైపు వీధిలో ఉంటే ఆమె పరిస్థితి అదే.

గాలి శుభ్రం కావాలంటే ఛార్జీ వెయ్యండి. కానీ కనీసం ఏడాది ముందు సాయం మొదలుపెట్టండి, సరిహద్దు బయటి నుంచి పనికొచ్చేవాళ్లనూ కలుపుకోండి, పాత బండి ఎన్ని మైళ్లు తిరిగితే అంత కట్టే పద్ధతి వైపు వెళ్లండి. దానికి సమయం పడుతుందంటారా, సరే. ఒక్కటి మాత్రం రేపే చేయొచ్చు: రోజు అంటే అర్ధరాత్రికి మారే తేదీ కాదు, కెమెరా ముందు మొదటిసారి పడినప్పటి నుంచి 24 గంటలని లెక్క మార్చండి. స్టాక్‌హోంలో వసూలు చేసేది రద్దీ పన్ను, పొగ ఛార్జీ కాదు, అయినా అక్కడ రాత్రిపూట అసలు వసూలే ఉండదు. లండన్ నర్సు అంత కూడా అడగట్లేదు, ఒక్క డ్యూటీకి ఒక్కసారే కట్టించుకోమంటోంది.