మహారాజశ్రీ మీడియం సర్టిఫికెట్ గారి దివ్య సముఖమునకు

శ్రీకాకుళం,
గురువారం రాత్రి.

అయ్యా,

నేను ఇంగ్లీషు మీడియంలో చదివానని చెప్పే కాగితమైన తమరి కోసం ఈ వారంలో మూడోసారి ఏడురోడ్ల కూడలి దాటి మా పాత డిగ్రీ కళాశాలకు వచ్చి, ఆఫీసు గది ముందున్న కాలు విరిగిన బల్ల మీద ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా కూర్చుని, తమరి దర్శనం అయీ కానట్టుగా ఇల్లు చేరినవాడిని. అరసవల్లి స్వామి పాదాలను సూర్యకిరణాలు తాకడానికైనా మార్చి, అక్టోబరు నెలలని ఒక లెక్క ఉంది. తమరికి ఆ లెక్క కూడా లేదు. ఒకరోజు ప్రిన్సిపాల్ గారు మీటింగులో ఉంటారు, ఒకరోజు ముద్ర బీరువాలో ఉంటుంది, ఇంకొకరోజు బీరువా తాళం చెవి సెలవులో ఉంటుంది.

నేను వియత్నాం వెళ్లింది ఇంగ్లీషు చెప్పడానికి కాదని ముందుగా మనవి చేసుకోవాలి. ఆక్వాకల్చర్ చదివినవాడిని కనుక, ఆ దేశపు దక్షిణపు కొసన ఉన్న కామౌలో ఒక రొయ్య పిల్లల హేచరీలో పనికి కుదిరాను. యజమాని పిల్లలిద్దరికీ సాయంత్రాలు హోంవర్కు చూసిపెట్టడంతో మొదలైన వ్యవహారం, వీధిలోని పిల్లలు ఒక్కొక్కరే చాపలు పట్టుకుని రావడంతో బడి అయి కూర్చుంది. తొట్టెల్లో తెల్లమచ్చ రోగం కనబడిన రాత్రి కూడా నాకు రొయ్యల మీద కాక, మర్నాటి పాఠం తప్పిపోతుందేమోనని బెంగ కలిగినప్పుడు, నా పని మారిపోయిందని నాకు తెలిసింది.

తమరికి తెలియని ఒక సంగతి చెబుతాను. వియత్నామీయుల నోటిలో పదం చివర సకారం నిలవదు. వాళ్ల మాటలు ఆ హల్లుతో ముగియవు. అందుచేత 'హౌస్' అన్నది 'హౌ' అవుతుంది, 'బస్' అన్నది 'బ' దగ్గరే ఆగిపోతుంది. మనది అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసేది; మన ఇబ్బంది సరిగ్గా దానికి తలకిందులు. బస్సు, కారు, బుక్కు అని ప్రతి పదానికీ ఒక ఉకారపు తోక తగిలించందే మనకు నిద్రపట్టదు. ఆ తోక తీయించడానికి మా ఊరి హైస్కూలు మాస్టారు నా చెవి ఎంత మెలిపెట్టారో గుర్తొచ్చి, ఆ పిల్లల చేత ముందు మన తెలుగు పద్ధతిలోనే 'బస్సూ' అని గట్టిగా అనిపించాను. తర్వాత ఆ ఉకారాన్ని గుసగుసగా అనమన్నాను, ఆ తర్వాత పెదవులతో మాత్రమే, ఆ తర్వాత అసలు వద్దన్నాను. సకారం మిగిలింది. ఆ సాయంత్రం పదకొండు మంది పిల్లలు రోడ్డు మీద పోయే ప్రతి బస్సునూ పాములా బుసకొడుతూ పిలిచారు. ఐదో తరగతి దాటేవరకూ ఇంగ్లీషు అక్షరం ఎరగని తెలుగు మీడియం వాడికే ఆ కిటుకు తడుతుంది గాని, పుట్టుకతో ఆ భాష వచ్చినవాడికి తట్టదని నా అభిప్రాయం. ఎక్కడ కాలు జారుతుందో జారినవాడికే తెలుస్తుంది.

అలా నాలుగేళ్లు గడిచాక నగరంలో ఒక పెద్ద బడి నన్ను పిలిచింది. నా పాఠం చూసి మెచ్చుకున్నారు, డిగ్రీ అడిగారు, 120 గంటల బోధనా శిక్షణ పత్రం అడిగారు, ఇచ్చాను. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో 9కి 8 ఉన్నాయంటే, దానికి రెండేళ్లే గడువనీ, అది తీరిపోయిందనీ చెప్పారు. ఇంగ్లీషుకు కూడా కాలదోషం పడుతుందని ఆనాడు గ్రహించాను. గడువు లేనిది తమరొక్కరేనట, అందుకే తమర్ని తెమ్మన్నారు. దక్షిణ కొరియా వారు ఇంతకంటే నయం; ఇంగ్లీషు చెప్పే వీసాకు ఏడు దేశాల పేర్లు రాసి పెట్టుకున్నారు, అందులో మనం లేమని మొదటే తెలిసిపోతుంది, బస్సు ఖర్చులు మిగులుతాయి.

ఇంతకీ తమరు ధ్రువీకరించేది ఏమిటి? నేను డిగ్రీ ఇంగ్లీషు మీడియంలో చదివానని. పుస్తకం ఇంగ్లీషు, పాఠం తెలుగు, పరీక్ష బట్టీ. ఆస్మాసిస్ అంటే ఏమిటో మా లెక్చరరు గారు ఆవకాయ ముక్కలను ఉదాహరణగా చూపి తెలుగులో చెప్పారు, అందుకే అది నేటికీ గుర్తుంది. నాకు ఇంగ్లీషు నేర్పిన తెలుగు మీడియం మాస్టారికి తమరిలో చోటు లేదు; నాకు ఇంగ్లీషులో ఒక్క వాక్యమూ చెప్పని మూడేళ్లకు తమరు సాక్షి. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు, తన తల్లిభాష కాని, గిరిజనుల సవర భాషను కష్టపడి నేర్చుకుని, సవర పిల్లలకు ఆ భాషలోనే పాఠ్యపుస్తకాలు రాసిపెట్టారు. ఆయన్ను తమరు ఏ గుమ్మం దగ్గరా ఆపలేదు కాబట్టి సరిపోయింది. (తమరికి నేను ఇంత బిగుసుకుని రాస్తున్న ఈ భాషను చూస్తే, వాడుక భాష కోసం పోరాడిన ఆయన నన్నూ మందలించేవారే.)

సరే, ఈరోజు మధ్యాహ్నం మూడు గంటలకు తమరు ప్రింటరులోంచి వెచ్చవెచ్చగా బయటికి వచ్చారు. మొదటి వాక్యం 'దిస్ ఈజ్ సర్టిఫై దట్' అని ఉంది. నేను మళ్లీ చదివాను. 'టు' లేదు. నాకు ఇంగ్లీషు వచ్చునని లోకానికి చాటవలసిన కాగితానికి ఇంగ్లీషు రాదు. గుమాస్తా గారికి చూపిస్తే, "పాత ఫార్మాటేనండి మాస్టారూ, ఇన్నాళ్లూ పట్టికెళ్లినోళ్లెవరూ ఏటీ అనలేదు" అన్నారు. తప్పుతో తీసుకెళితే ఢిల్లీలో విదేశాంగ శాఖ ముద్ర, ఎంబసీ ముద్ర కూడా ఆ తప్పు మీదే పడతాయి; పెన్నుతో నేనే దిద్దితే అది దొంగ సర్టిఫికెట్ అవుతుంది. నువ్వొక కాగితానివి. నీకు నోరు లేదు, చెవి లేదు, ఒక్క పిల్లవాడి చేత ఒక్క సకారం పలికించిన పాపాన పోలేదు. నా నాలుగేళ్ల సాయంత్రాలకు నువ్వు పూచీకత్తు ఇవ్వడమేమిటి? రెండక్షరాల మాట నీలో ఉందో లేదో చూసుకోలేని నువ్వా నాకు భాష వచ్చునని చెప్పేది?

క్షమించాలి, గొంతు పెరిగింది. అక్కడ కూడా పెరిగింది కాబోలు, మైగ్రేషన్ సర్టిఫికెట్ల కోసం వచ్చిన ముగ్గురు ఆడపిల్లలు బల్ల చివరి నుంచి జరిగి వచ్చి, ఆ 'టు' ఎందుకుండాలని అడిగారు. చలానా వెనకాల గీసి చెప్పాను. అరగంట పట్టింది. గుమాస్తా గారు కూడా కిటికీలోంచి మెడ చాచి విన్నారు, తల ఊపారు, మారుమాట లేకుండా కుర్చీ లాక్కుని మళ్లీ టైపు చేశారు. ప్రిన్సిపాల్ గారు ఆకుపచ్చ సిరాతో, చక్కని గుండ్రటి తెలుగులో సంతకం చేశారు. ముద్ర పడింది.

ఆర్టీసీ కాంప్లెక్సులో నరసన్నపేట బస్సు ఎక్కాక కవరు తెరిచి చూశాను. 'దిస్ ఈజ్ టు టు సర్టిఫై' అని ఉంది.

సోమవారం పదిన్నరకు మళ్లీ వస్తాను. ఈలోగా ఒక్క 'టు' తగ్గించుకుని సిద్ధంగా ఉండవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
తెలుగు మీడియం ఇంగ్లీషు మాస్టారు,
నరసన్నపేట.