బీపీటీ అన్నం తింటూ అనదగిన మాట కాదు

“విశ్వవిద్యాలయాలు ఊళ్లను దత్తత తీసుకునేది బ్యానరు కట్టి ఫోటో దిగడానికే, వాటి పరిశోధన ప్రయోగశాల గోడ దాటదు, విద్యార్థులు ఊరికి వచ్చేది విహారానికి, వ్యవసాయం రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు” అనే అర్థం వచ్చే సందేశాలు వాట్సాప్ బృందాల్లో తరచూ తిరుగుతుంటాయి. వీటిలోని నాలుగు ఆరోపణలకూ ఒకే బరువు లేదు కనుక, అన్నిటికంటే బలహీనమైన రెండోదానితో మొదలుపెడతాను.

పరిశోధన గోడ దాటకపోతే మన కంచంలోకి సాంబ మసూరి వచ్చేది కాదు. దాని అసలు పేరు బీపీటీ 5204. బాపట్ల వ్యవసాయ కళాశాలలో రూపొంది 1986లో విడుదలైంది. విత్తన సంచి మీది ఆ అక్షరాలు వరి పరిశోధన జరిగే ఊళ్లకు గుర్తులు: బీపీటీ అంటే బాపట్ల, ఎంటీయూ అంటే మారుటేరు, ఆర్‌ఎన్‌ఆర్ అంటే రాజేంద్రనగర్. మారుటేరు నుంచి వచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, గోదావరి జిల్లాలతో ఆగక ఒడిశా, బెంగాల్ పొలాల దాకా పాకింది.

కొత్త రకాన్ని విడుదల చేసే ముందు మినీకిట్ల రూపంలో, అంటే పరీక్షగా వేసి చూడటానికి చిన్న విత్తన సంచుల్లో, రైతులకు ఇస్తారు. రైతు తాను ఏటా వేసే రకం పక్కనే దాన్ని కూడా సాగు చేస్తాడు. దిగుబడిని శాస్త్రవేత్త కొలుస్తాడు సరే, గాలివానకు చేను ఒరిగిందా, గడ్డిని పశువు ముట్టిందా, మిల్లులో నూక ఎంత వచ్చింది, రాత్రి మిగిలిన అన్నం తెల్లవారికి గట్టిపడిందా అనే ప్రశ్నలకు జవాబు రైతు ఇంటి నుంచే రావాలి. సాంబ మసూరి కథే ఇందుకు సాక్ష్యం. అది చేతికి రావడానికి దాదాపు 150 రోజులు పడుతుంది, అగ్గితెగులుకూ బ్యాక్టీరియా ఎండాకు తెగులుకూ త్వరగా లొంగుతుంది. అయినా ఆ సన్నగింజను వదులుకోవడానికి రైతూ ఇష్టపడలేదు, తినేవారూ ఇష్టపడలేదు. అందుకే హైదరాబాద్‌లోని కణ-అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి గింజ గుణం చెడకుండా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను అందులో చేర్చాయి. ఆ మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. అగ్గితెగులును తట్టుకుని 125 రోజుల్లోనే కోతకు వచ్చే సన్నరకం, తెలంగాణ సోనాగా పేరుపడిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, రాజేంద్రనగర్ నుంచి 2015లో వచ్చింది.

విద్యార్థుల విషయానికి వస్తే, బీఎస్సీ వ్యవసాయం చివరి సంవత్సరంలో రావెప్ (గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం) పేరిట వారు పల్లెలో ఉండి, తమకు కేటాయించిన రైతు వెంట పొలం పనులు నేర్చుకోవాలి. రచ్చబండ దగ్గర ముగ్గుపిండితో, రంగులతో నేల మీద ఊరి పటం గీయడం అందులో ఒక భాగం. విద్యార్థి చెరువును ఒకచోట గీస్తే పక్కనున్న పెద్దాయన కర్రతో చెరిపి, తూము ఇటు ఉంటుందని, చివరి మడికి నీరు అందక ఎన్నేళ్లయిందో చెబుతాడు. పరీక్ష గదిలో దొరకని ఈ చదువును విహారమనడం అన్యాయం.

రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదన్నది సగం నిజం. తన నేల గురించి రైతుకు తెలిసినంత ఏ ఆచార్యుడికీ తెలియదు. కానీ ఆకు మీది మచ్చ అగ్గితెగులుదా, పోషక లోపమా అన్నది కంటిచూపుతో తేలనప్పుడు దుకాణదారు ఇచ్చిన మందే దిక్కవుతుంది. ఆ లోటు తీర్చడానికే 1974లో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద పుదుచ్చేరిలో రైతులకు సలహాలు, శిక్షణ ఇచ్చే దేశపు మొదటి కృషి విజ్ఞాన కేంద్రం మొదలైంది. నేడు అలాంటివి 700కు పైగా ఉన్నాయి.

ఇక మిగిలినది ఫోటోల ఆరోపణ. ఇందులో కొంత నిజముందని ఒప్పుకోవాలి: సభ ముగిశాక బ్యానరుతోపాటు జీపూ కనుమరుగయ్యే దత్తతలు లేకపోలేదు. అయితే 2014లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ఉన్నత భారత్ అభియాన్‌లో చేరే విద్యాసంస్థ కనీసం ఐదు ఊళ్లను ఎంచుకుని, ఇంటింటి సర్వే చేసి, ఊరివారితో కలిసి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలి. దత్తత బూటకమని అనుమానించే పౌరుడు సందేశం పంచే ముందు తన ఊరి పంచాయతీకి వెళ్లి, ఆ సర్వే, ఆ ప్రణాళిక ఎక్కడున్నాయో అడగవచ్చు.