చింతపిక్కలకు ఫెవికాల్

మొన్న ఒక మండలంలో టీఎల్‌ఎం మేళాకు వెళ్లి అద్భుతం చూసి వచ్చాను. తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను, టీఎల్‌ఎం అంటే బోధనాభ్యసన సామగ్రి. ఒకటో తరగతి పిల్లవాడికి లెక్కపెట్టడం నేర్పే చింతపిక్కలని మామూలు తెలుగు. అక్కడ నీలం ముఖమల్ గుడ్డ చుట్టిన థర్మాకోల్ అట్ట మీద పదేసి చొప్పున పది వరుసల్లో వంద చింతపిక్కలున్నాయి. చుట్టూ చమ్కీ అంచు. ప్రతి పిక్కా ఫెవికాల్‌తో అతికించి ఉంది. కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో రెండు మాటలు: 'దయచేసి తాకరాదు'.

గర్భగుడి ముందు నిలబడ్డట్టు కాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాను. చింతపిక్కకు ఇంత యోగం పడుతుందని దాన్ని కాసిన చెట్టు కూడా అనుకుని ఉండదు.

ఇన్నాళ్లూ చింతపిక్కతో వచ్చిన చిక్కల్లా అది కదలడమే. పిల్లవాడు ఐదు ఇటు జరిపి, మూడు అటు జరిపి, కలిపి ఎనిమిదంటాడు. గుప్పిట్లో కొన్ని పట్టుకుని 'సరా, బేసా?' అని పక్కవాణ్ణి అడుగుతాడు. గుప్పిట తెరిచి జతలుగా పేర్చి, ఒకటి మిగిలితే బేసి అని గంతులేస్తాడు. సెలవుల్లో అమ్మమ్మ పక్కన కూర్చుని వామనగుంటలాడి, ఏ గుంటలో ఎన్నున్నాయో చూపుతోనే చెప్పేస్తాడు. ఈ అల్లరంతా దేనికి? అతికించేస్తే అంకెలు బుద్ధిగా ఉంటాయి. కూడికలూ తీసివేతలూ ఉండవు, ఫొటో మాత్రం దివ్యంగా వస్తుంది.

పదకొండున్నరకు పెద్ద అధికారి వచ్చారు. రిబ్బను తెగింది. తలకు నూనె, మొహానికి పౌడరు పెట్టి తెచ్చిన ఒకటో తరగతి పిల్లవాణ్ణి అట్ట ముందు నిలబెట్టి, చేతికో పొడుగాటి బెత్తం ఇచ్చారు. తాకకూడదు కదా, అందుకు. "ఇరవై ఏడు చూపించరా నాన్నా" అన్నారు టీచరమ్మ. వాడు గజం దూరం నుంచి బెత్తంతో మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. పద్నాలుగు దగ్గర చెయ్యి వణికింది. బెత్తం తగిలి పిక్క ఊడి కింద పడింది.

సభ నిశ్శబ్దమైపోయింది. హెడ్మాస్టరు గారు బల్ల కిందికి దూరారు. ఇద్దరు మేష్టార్లు మోకాళ్ల మీద పాకారు. ఒకాయన ఫెవికాల్ కోసం ఫ్యాన్సీ స్టోరుకు బైకు తీశారు. ఆ గందరగోళంలో పిల్లవాడు అట్ట వంక చూసి, "సార్, ఒకటి పోయింది. ఇంక తొంభై తొమ్మిదే" అన్నాడు.

ఆ రోజు ఆ మేళా మొత్తంలో జరిగిన చదువు అదొక్కటే. దానికి వాడికి దక్కింది, "నోర్మూసుకోరా."

పిక్క దొరకలేదు. ఆ చోట సపోటా గింజ అతికించారు. అట్టకు ప్రథమ బహుమతి వచ్చింది.

ఆ టీచరమ్మను నేనేమీ అనను. మూడు రాత్రులు కూర్చుని, సొంత డబ్బు పెట్టి చేసిందట. సర్వశిక్షా అభియాన్ రోజుల్లో సామగ్రి కోసం టీచరుకు ఏడాదికి 500 రూపాయలిచ్చేవారు. అప్పుడూ ఆ డబ్బులో ఎక్కువ భాగం చార్టుల కొట్టుకే చేరేది. అంతకు ముందు, 1980ల్లో, బ్రిటన్ సాయంతో ఏపీపెప్, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, వచ్చింది. ఆరు సూత్రాలు మాతో వల్లె వేయించారు. చేయిస్తూ నేర్పండి, చుట్టూ ఉన్న వస్తువులు వాడండి, పిల్లలు చేసిన పనిని గోడకు పెట్టండి అని. పిల్లలు చేసింది! అది ఏ జీపులో ఏ మలుపులో జారిపోయిందో కానీ, ఫ్యాన్సీ స్టోరు చేసింది గోడెక్కింది. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు గట్టిగా నేర్పాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్, 2022లో తెలంగాణ తొలిమెట్టు పెట్టాయి. పేర్లకు మనకెప్పుడూ కొరత లేదు.

పక్క బల్ల మీద ఐస్‌క్రీం పుల్లల కట్టలు. పదేసి కట్టి, రంగులేసి, అట్టకు గ్లూ గన్‌తో అంటించారు. ఇక్కడ మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే ముప్పై రెండులోంచి ఏడు తీసెయ్యమంటే ముప్పై ఐదు అని రాసే పిల్లల్ని నా సర్వీసంతా చూశాను. రెండులోంచి ఏడు పోదు కనక ఏడులోంచి రెండు తీసేస్తారు. అలా రాసే పిల్లకి కావలసింది మూడు కట్టలు, రెండు విడి పుల్లలు, ఒక రబ్బరు బ్యాండు. తన చేత్తో ఒక కట్ట విప్పి, పన్నెండు విడి పుల్లలు చేసుకుని, ఏడు పక్కన పెడితే రెండు కట్టలూ ఐదు పుల్లలూ మిగులుతాయి. 'పదుల దగ్గర అప్పు' అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది. కొబ్బరి ఈనెలు చాలు, పైసా ఖర్చు లేదు. కానీ విప్పేదాకా పక్కన కూర్చునే మనిషి కావాలి. ఆ మనిషిని ఇవ్వరు! అరవై మంది లోపు పిల్లలున్న బడికైనా ఇద్దరు టీచర్లుండాలని 2009 విద్యాహక్కు చట్టంలో రాసుకున్నారు. రెండు రాష్ట్రాల్లోనూ ఐదు తరగతులకూ ఒక్కరే ఉన్న బళ్లు వేలల్లో ఉన్నాయి. ఆ ఒక్కరి చేతికీ ఫోనిచ్చి అన్నం ఫొటో, హాజరు ఫొటో, ఇప్పుడు అట్ట ఫొటో పెట్టమంటారు. ఆ పిల్ల ఐదో తరగతికి వచ్చినా ముప్పై ఐదే రాస్తుంది. అప్పుడు సర్వే చేసి, పిల్లలకు చదువు రావడం లేదని బాధపడతారు. సిగ్గుండాలి.

సరే. మధ్యాహ్న భోజనం లైన్లో ఆ పిల్లవాడు నా ముందే ఉన్నాడు. వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసి, జేబులోంచి బిగించిన గుప్పిట తీసి చాచాడు.

"సరా, బేసా సార్?"

"బేసి" అన్నాను.

ఎలా తెలిసిందా అని వాడు నోరు తెరిచాడు.