తాటాకులకు ఫొటోలు సరే, చదివేవారేరీ?

కోటికి పైగా రాతప్రతులను జ్ఞానభారతం మిషన్ కింద సర్వే చేసి భద్రపరుస్తామని 2025-26 బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించినప్పటి నుంచి చర్చంతా స్కానర్లు, సర్వర్ల చుట్టూనే తిరుగుతోంది. వాటిని చదవగలవారు ఎందరు మిగిలారని అడిగేవారు అరుదు. గ్రంథ లిపి విషయంలో ఈ ఉదాసీనత మరీ ప్రమాదకరం.

తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం కావడంతో, సంస్కృతం రాసుకోవడానికి తమిళదేశం గ్రంథ లిపిని పెంచి పోషించింది. కంచి కైలాసనాథాలయంలో రాజసింహ పల్లవుడి బిరుదులను ఈ లిపిలోనూ చెక్కారు. 2005లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాకెక్కిన పుదుచ్చేరి శైవ రాతప్రతుల్లోనూ అధికభాగం ఇందులోనివే.

ఇక 1905 నాటి సంగతి చూడండి. తంజావూరు ప్రాంతపు పండితుడొకరు మైసూరు ప్రాచ్య గ్రంథాలయానికి అప్పగించిన గ్రంథ లిపి తాటాకుల కట్టను అక్కడి గ్రంథపాలకుడు శామశాస్త్రి విప్పి చదివి, అది కౌటిల్యుని అర్థశాస్త్రమని గుర్తించి, 1909లో అచ్చు వేయించారు. అప్పటిదాకా ఆ శాస్త్రం గురించి లోకానికి తెలిసిందల్లా ఇతర గ్రంథాల్లోని ప్రస్తావనలూ ఉటంకింపులే. ఆ కట్ట విప్పిన మనిషికి ఆ లిపి రాకపోయి ఉంటే, ప్రాచీన భారత రాజనీతి చరిత్ర మొత్తం కేటలాగులో ఒక పంక్తిగా పడి ఉండేది. అప్పుడు వంద స్కానర్లు ఉన్నా చేయగలిగింది ఆ పంక్తి పక్కన ఒక బొమ్మ చేర్చడమే.

2014లో గ్రంథ లిపి కంప్యూటర్లలో అక్షరాలను గుర్తించే ప్రమాణమైన యూనికోడ్‌లో చేరింది కనుక మిగతాది కృత్రిమ మేధ చూసుకుంటుందని కొందరి ధీమా. కానీ పదాల మధ్య ఖాళీ లేకుండా గంటంతో గీసిన రాతను, లేఖకుడికో తీరుగా మారే అక్షరాన్ని యంత్రానికి నేర్పాలంటే, ముందు మనుషులు చదివి తప్పుల్లేకుండా ఎత్తిరాసిన ఆకులు వేలల్లో కావాలి.

అసలు జబ్బు సంస్కృతమంటే దేవనాగరేనన్న ఇటీవలి భ్రమలో ఉంది. ఆ భాషకు తనదంటూ ఒకే లిపి ఏనాడూ లేదు. కాశ్మీరంలో శారద, విజయనగర తామ్రశాసనాల్లో నందినాగరి, మన దగ్గర తెలుగు దానికి లిపులయ్యాయి. వావిళ్ల ముద్రణాలయం వారి ప్రతుల్లో మన తాతలు కాళిదాసును తెలుగు అక్షరాల్లోనే చదివారు. దేవనాగరి ఒక్కటే నేర్చిన పట్టభద్రుడికి దక్షిణాది పాండిత్యపు మూలప్రతులు పరాయి సొత్తే. తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం మొదలుకొని ప్రతిచోటా సంస్కృత ఎం.ఏ.కు ఒక ప్రాచీన లిపిని తప్పనిసరి చేయాలి. మిషన్ నిధుల్లో తొలి వాటా స్కానర్ల కంటే ముందు ఆ విద్యార్థుల వేతనాలకు వెళ్లాలి.