"పెన్షనర్లకేంటి, మహారాజులు" అని ఫార్వర్డ్ చేసేవాళ్లకి

వారం నుంచి అపార్ట్‌మెంట్ గ్రూపులో, టెన్త్ బ్యాచ్ గ్రూపులో, ఎక్కడ చూసినా ఒకటే మెసేజ్. "పెన్షన్ ఉన్న ఇంట్లో కల్పవృక్షం ఉన్నట్టే. కష్టపడకుండా ఒకటో తారీఖున డబ్బులు. మందులు ఫ్రీ, బస్సు ఫ్రీ, పిల్లలెలాగూ చూస్తారు. ముసలాళ్లకి ఖర్చేముంది?" కింద అందరూ నవ్వు బొమ్మలు.

రాసినాయన ఎవర్ని చూసి రాశాడో తెలుస్తూనే ఉంది. పొద్దున్నే బ్రాడీపేటలో వాకింగ్ చేసి, ఇడ్లీ తిని, పేపరు చంకలో పెట్టుకుని ఇంటికెళ్లే రిటైర్డ్ ఆఫీసర్ని. ఆయనకి బాగానే వస్తుంది, ధరలు పెరిగితే డీఏ కూడా పెరుగుతుంది, కాదనను. గుంటూరులో పెన్షనర్ అంటే ఆయనొక్కడేనా?

మిల్లుల్లో, కంపెనీల్లో చేసి దిగిపోయినవాళ్లది పీఎఫ్ పెన్షన్. మామూలుగా జీతం ఎంతున్నా 15,000 దగ్గర ఆపేసి, సర్వీసుతో హెచ్చవేసి, 70తో భాగిస్తారు. అంటే 35 ఏళ్లు చాకిరీ చేసినా నెలకి 7,500 చుట్టూ. అంత సర్వీసు ఎంతమందికుంటుంది? కనీసం వెయ్యి ఇవ్వాలని 2014లో పెట్టారు, ఆ వెయ్యి ఇప్పటికీ వెయ్యే. డీఏ మాటే లేదు.

ఇక రాష్ట్ర ప్రభుత్వం నెలనెలా ముసలాళ్లకి ఇంటికొచ్చి ఇచ్చే పెన్షన్, 4,000. 2024లో 3,000 నుంచి పెరిగింది, సంతోషం, దాంతో మా వీధిలో చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. కానీ మామూలుగా ఇంటికొకటే. ముసలాయనకి వస్తుంటే ముసలావిడకి రాదు, ఆయన పోయాక ఆవిడ పేరు మీదికి మారుతుంది. ఇద్దరికీ కలిపి రోజుకి 133 రూపాయలు. చేతనైతే మెసేజ్ పంపినాయన ఒక్క నెల గడిపి చూపించాలి.

"కష్టపడకుండా" అన్న మాట దగ్గర మాత్రం నాకు కాలింది. మా ఎదురింటి మామ్మ ముప్పై ఏళ్లు మిరపకాయలకి తొడిమలు తీసింది. ఒకటో తారీఖున సచివాలయం అమ్మాయి వేలిముద్ర మిషన్ తెస్తే బొటనవేలు పడదు, చూపుడువేలు పడదు, కొంగుతో తుడుచుకుని, కాస్త తడి చేసుకుని మళ్లీ పెడుతుంది, అయినా పడదు, రేఖలే అరిగిపోయాయి. చివరికి ముఖం చూపించి తీసుకోవాలి. డబ్బు రాగానే మంచం మీద కుప్పలు పెడుతుంది: అద్దెకి కొంత, కిరాణా బాకీకి కొంత, మనవరాలి స్కూలు ఆటోకి కొంత. మందుల కుప్ప అన్నిటికంటే చిన్నది.

మందులు ఫ్రీ అంటారా? ఆరోగ్యశ్రీ, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, ముఖ్యంగా ఆసుపత్రిలో చేరితే పనికొస్తుంది. బీపీ, షుగర్ మాత్రలు ప్రభుత్వాసుపత్రిలో ఇస్తారు, నిజమే, కానీ మోకాళ్లు పనిచేయని మనిషి ఆటోకి పోనూ రానూ ఎంతో లెక్కేసుకుని, వీధి చివర షాపులోనే కొంటుంది. షీటు మొత్తం కాదు, కత్తెరతో కత్తిరించి ఇచ్చే నాలుగు మాత్రలు.

ఫ్రీ బస్సు ఆడవాళ్లకి, అదీ 2025 ఆగస్టు 15 నుంచి. తాతలకి టికెట్‌లో 25 శాతం తగ్గింపు.

పిల్లలు చూస్తారు అన్నది ఇంకా తమాషా. మామ్మ కొడుకు మిర్చి యార్డులో ముఠా పని చేస్తాడు. ఎండాకాలం యార్డుకి సెలవులిచ్చినప్పుడు బస్తా ఎత్తే పని ఉండదు, కూలీ ఉండదు. అప్పుడు ఐదుగురికీ మామ్మ పెన్షనే. మొన్న మేలో కొడుకు బీడీకట్టకి డబ్బులడిగితే, "ఒకటో తారీఖు దాకా ఆగరా" అంది.