మైనస్ మూడు డిగ్రీల యోగం

జాతకాల మీద జనానికి నమ్మకం పోతోందని బెంగపెట్టుకున్న పెద్దలకు ఒక శుభవార్త. నమ్మకం చెక్కుచెదరలేదు. జాతకం వేసే చోటు మారిందంతే. ఇప్పుడు టైర్ షాపులో వేస్తున్నారు.

మా కార్ల గ్రూపులో గులాబీ పువ్వుల గుడ్‌మార్నింగ్‌లు ఆగిపోయి చాలాకాలమైంది. వాటి బదులు వీల్ అలైన్‌మెంట్ షీటు ఫొటో వస్తుంది, అంటే చక్రాలు ఎటు ఎంత వంగి ఉన్నాయో టైర్ షాపువాళ్లు కొలిచి ఇచ్చే కాగితం. నాలుగు మూలల్లో నాలుగు చక్రాలు, పక్కన గడులు, గడుల్లో అంకెలు. పచ్చగా ఉంటే శుభం, ఎర్రగా ఉంటే దోషం. కింద జాతకుడి విన్నపం: "బ్రో, వచ్చే వారం చెన్నైలో ట్రాక్ డే. సెటప్ ఎలా ఉంది?"

ట్రాక్ డే అంటే ఫీజు కట్టి సొంత బండిని రేసు ట్రాక్ మీద తిప్పుకునే రోజు.

పండితులు లేస్తారు. వాళ్ల గ్రహాలు మూడు: కాంబర్ అంటే చక్రం నిలువుగా కాక పక్కకు వంగిన కోణం (మైనస్ అంటే పైభాగం లోపలికి), టో అంటే చక్రాల ముందుభాగం లోపలికో బయటికో తిరిగి ఉండడం, కాస్టర్ అంటే స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం. "కాంబర్ మైనస్ మూడా? రాజయోగం మామా." "కాస్టర్ బలంగా ఉంది, స్పీడ్‌లో ఢోకా లేదు." "వెనక కుడి టో ఎర్రగా ఉంది, దోషం, వెంటనే చూపించు." ఈ పండితుల్లో చాలామంది జీవితంలో చూసిన రేసు ఒక్కటే. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కరెంటు రేసు కార్లు తిరిగినప్పుడు, కంచె ఇవతల నుంచి, ఎత్తిపట్టుకున్న ఫోన్ల సందుల్లోంచి.

ఇంతకీ ఆ దోషానికి శాంతి లేదని పాపం వాళ్లకు తెలియదు. స్విఫ్టో పోలోనో కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టుగా టైర్ షాపుకు తీసుకెళితే, అక్కడి కుర్రాడు నిజంగా తిప్పగలిగేది ముందు చక్రాల టో ఒక్కటే. వెనక ఉన్నది టార్షన్ బీమ్, రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం, అది ఎలా పుట్టిందో అలాగే ఉంటుంది. ముందు కాంబర్ మార్చాలంటే స్ట్రట్‌కు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన కాలు) మామూలు బోల్టు తీసి కాంబర్ బోల్టు వేయాలి, దాంతో ఓ డిగ్రీ, డిగ్రీన్నర వస్తుంది. ఇంకా కావాలంటే పైన, స్ట్రట్ పైకొసను పక్కకు జరిపే కాంబర్ ప్లేట్లు పెట్టాలి. షీటులో మాత్రం గడులన్నీ ఉంటాయి. గడి ఉంటే చాలు, మనవాళ్లకు అభిప్రాయం ఉంటుంది.

కాంబర్ దండగ అని నేననడం లేదు. మలుపులో బండి ఒరిగినప్పుడు బయటివైపు చక్రం కూడా దాంతోపాటు ఒరిగి, టైరు బయటి అంచు మీద నిలబడుతుంది. ముందే చక్రాన్ని కొంచెం లోపలికి వంచి ఉంచితే ఆ క్షణానికి టైరు మొత్తం నేలకు ఆనుతుంది. సంగతి ఇంతే. ఎంత వంచాలో చెప్పేది కూడా టైరే. ట్రాక్ మీంచి రాగానే లోపలి అంచు, మధ్య, బయటి అంచు, మూడు చోట్ల వేడి కొలవాలి. బయటి అంచు కాలిపోతుంటే ఇంకొంచెం వంచాలి. మధ్యలో ఎక్కువ వేడుంటే గాలి తగ్గించాలి. కొలిచే సాధనం లేకపోతే టైరు అంచు మీంచి పక్క గోడకు సుద్దముక్కతో ఓ గీత గీసి, అది ఎంతవరకు చెరిగిందో చూస్తే చాలు. ఐదు రూపాయల పని. అందుకే ఎవరూ చేయరు. సుద్దగీత ఫొటో పెడితే లైకులు రావు మరి.

బండి కిందికి దించే మహానుభావుల గురించి ఒక్క ముక్క. దించేకొద్దీ బండి ఒరగడం తగ్గుతుందని వీళ్ల వేదం. ముందు స్ట్రట్ ఉన్న బండిని మరీ దించితే చక్రాన్ని పట్టుకున్న కింది ఆర్మ్ బయటి కొస అడ్డం దాటి పైకి లేస్తుంది, రోల్ సెంటర్, అంటే బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, బండి బరువు కేంద్రం కంటే వేగంగా కిందికి పోతుంది, ఒరగడం పెరిగినా పెరుగుతుంది. స్ప్రింగు కోయించుకున్నవాడికైతే ఆ బాధ కూడా లేదు. బండి బంప్ స్టాప్ మీదే, స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోతే ఆపే రబ్బరు దిమ్మ మీదే, కాపురం ఉంటుంది.

ఇక అసలు ఘట్టం, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌లో బండ్లు నిలిపే ప్యాడాక్.

హైదరాబాద్ నుంచి అక్కడికి 600 కిలోమీటర్ల పైమాటే. మైనస్ మూడు కాంబర్, ఆ పైన టో అవుట్ (చక్రాల ముందుభాగం బయటికి), ఈ యోగంతోనే హైవే అంతా నడిపించుకొస్తాడు మన హీరో. చేరేసరికి టైర్ల లోపలి అంచు సగం తారుకు సమర్పణ అయిపోయి ఉంటుంది. దారిలో తిన్న గుంతలకు ఆ పచ్చ గడుల్లో ఎన్ని పచ్చగా మిగిలాయో దేవుడికే ఎరుక. షీటు మాత్రం డాష్‌బోర్డు మీద, వినాయకుడి పక్కన, భద్రంగా ఉంటుంది.

సెషన్ అంటే పదిహేను, ఇరవై నిమిషాలు. రెండు ల్యాపులు కొట్టి హీరో లోపలికి వచ్చేస్తాడు. "ముందు లాగేస్తోందిరా, అండర్‌స్టీర్." అంటే స్టీరింగ్ తిప్పినంత బండి తిరగడం లేదని. నలుగురు మిత్రులు బానెట్ ఎత్తుతారు. ఒకడు టార్చి పడతాడు, ఒకడు రీల్ తీస్తాడు, ఒకడు కాయిలోవర్ (ఎత్తూ గట్టిదనమూ మార్చుకోగల స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ) నాబ్ మీద చెయ్యేసి కళ్లు మూసుకుంటాడు. ఠక్, ఠక్. రెండు క్లిక్కులు గట్టి. మళ్లీ బయల్దేరతాడు, మళ్లీ వస్తాడు. వెనక నాలుగు మెత్తన. "ఇప్పుడు తేడా తెలుస్తోందా?" "తెలుస్తోంది మామా, బండి మాట్లాడుతోంది." బండి ఏం మాట్లాడిందో గానీ, ఈలోగా సెషన్ అయిపోయిందని గళ్ల జెండా ఊపేశారు. డ్రైవర్ సూటు విప్పకుండానే బిర్యానీ పొట్లం విప్పుతారు. తినేటప్పుడు ఒకడికి అనుమానం: గట్టి చేసిన రెండు క్లిక్కులు ఎడమవైపా, రెండు వైపులా? ఎవరూ రాసుకోలేదు. రీల్ వెనక్కి తిప్పి చూస్తారు. అందులో హీరో మొహమే ఉంది.

అప్పుడు పక్క షెడ్డులోంచి ఓ పెద్దాయన వస్తాడు. ఆయనది కంపెనీ బండి, కంపెనీ స్ప్రింగులు. పొద్దుట్నుంచీ వీళ్లను దాటి పోతున్నది ఆయనే. "టైర్లలో గాలి ఎంతుంది బాబూ?" అంటాడు. ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. "పొద్దున బంకులో కొట్టించాం సార్." చల్లగా ఉన్నప్పుడు 32 కొట్టించినది నాలుగు ల్యాపులకే 38 దాటిపోయి ఉంటుంది. టైరు ఉబ్బి మధ్యలోనే నేలకు తగులుతోంది. అండర్‌స్టీర్ రాక ఏమొస్తుంది? "సార్, మాది త్రీ డిగ్రీస్ సార్," అంటాడు హీరో, గోత్రం చెప్పినట్టు. పెద్దాయన గేజ్ వాళ్ల చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. 3.7 కిలోమీటర్ల సర్క్యూట్‌లో, తిన్నటి రోడ్డు చివర, అవసరమైన చోటు కంటే చాలా ముందే భయపడి బ్రేకు తొక్కుతున్నావని కూడా చెప్పేవాడే. మర్యాదస్తుడు, ఊరుకున్నాడు.

నవ్వుకోవడం ఇక్కడిదాకే. వీళ్లు టైర్లు తగలేసుకుంటే వాళ్ల డబ్బు, వాళ్ల ఇష్టం. కానీ తిరిగొచ్చాక గ్రూపులో ఇంకో మెసేజ్ వస్తుంది: "కొత్త సెటప్, రాత్రి రెండింటికి ఓఆర్ఆర్ మీద టెస్ట్ చేశా, 180లో రాయిలా ఉంది." ఓఆర్ఆర్ అంటే హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు. కింద చప్పట్లు, మంట బొమ్మలు. ఒరేయ్, ఆ రెండింటికి అదే రోడ్డు మీద కూరగాయల బండి వాడు మార్కెట్‌కు పోతుంటాడు. టైరు పేలిన లారీ పక్కన క్లీనర్ కుర్రాడు జాకీ పెట్టుకుని కూర్చుని ఉంటాడు. వాళ్లకు ట్రాక్ పక్కన ఉండే రన్ ఆఫ్ ఖాళీ జాగా లేదు, మార్షల్ లేడు, ఎర్రజెండా లేదు, అంబులెన్సు గేటు దగ్గర నిలబడి ఉండదు. నీ టో అవుట్ నీ చేతిలో వణికితే చచ్చేది వాళ్లు. నిన్న దించిన బండికి బోల్టులు టార్క్ రెంచితో బిగించావో లేదో నీకే గుర్తులేదు, దాని పరీక్షకు ఆ లారీ కుర్రాడు కావాలా? సిగ్గుండాలి.

అడిగితే ట్రాక్ ఫీజు ఎక్కువంటారు. కాయిలోవర్లకు లక్ష దాటి పోసినప్పుడు లేని పేదరికం ఫీజు కట్టే దగ్గర వస్తుంది. సరే, ఇక నా వైపు నుంచి ఒక సేవ. రోడ్డు మీద టెస్ట్ చేశానని ఎవరైనా ఇంకోసారి రాస్తే ఆ స్క్రీన్‌షాట్ నేరుగా ట్రాఫిక్ పోలీసులకు పోతుంది, బండి నంబరుతో సహా. అలైన్‌మెంట్ షీటు కూడా జతచేస్తాను.