లాప్‌టాప్‌ను లాంగ్ టర్మ్‌లో చేర్పించాలి

మొన్న ఎండల్లో పటమటలో ఒక గేమింగ్ లాప్‌టాప్‌కు వేగం కొలిచే పరీక్షలో, గ్రాఫిక్స్‌లో, ఏడువేల రెండొందల మార్కులు వచ్చాయి. అదే మోడలుకు, అదే చిప్పుకు బయట పదివేల పైచిలుకు వస్తుంటే దీనికి ఏడువేల రెండొందలు. లక్షకు పైన పోసి కొన్న వస్తువు. కొన్నది కోడింగ్ కోసమని ఇంట్లో చెప్పారు, ఇంట్లోవాళ్లు నమ్మారు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదట. ఇక్కడిదాకా నాకు ఏ అభ్యంతరమూ లేదు. బెజవాడలో మార్కులు తగ్గితే అన్నం సహించకూడదు కూడాను. నా బాధల్లా ఒక్కటే: ఇంత జరిగినా ఆ లాప్‌టాప్‌ను ఒక్కరంటే ఒక్కరు ఒక్క మాట అనలేదు.

ఆ ఇంట్లోనే ఆమధ్య కుర్రాడికి ఎంసెట్‌లో ర్యాంకు దిగజారినప్పుడు ఏం జరిగిందో మా అపార్ట్‌మెంటులో లిఫ్టు ఎక్కిన ప్రతివారికీ తెలుసు. (దాన్ని 2021లో ఈఏపీసెట్ చేశారు. తిట్టేటప్పుడు మాత్రం ఎంసెట్ అనే అంటాం.) "పక్కింటి పిల్ల చదవలేదా?" దగ్గర మొదలై "నీకు తక్కువ చేసిందేంట్రా?" దాకా మూడో అంతస్తు మాటలు కింద వాచ్‌మన్‌కి కంఠతా వచ్చాయి. లాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి ఆ తండ్రిగారే గొంతు తగ్గించేశారు. దీనికి సరిగా కరెంటు అందుతోందా, వేడి చేసిందా, గాలి ఆడుతోందా, వెనకాల ఏదైనా అక్కర్లేని బరువు మోస్తోందా అని ఆరా తీస్తున్నారు. అన్నీ సానుభూతి ప్రశ్నలే. యంత్రాన్ని ఇలా నెత్తికెక్కించుకుంటే రేపు మిక్సీ కూడా మాట వినదు.

ముందు పరీక్ష సంగతి చెప్పాలి. 3డీమార్క్ అనే బోర్డు పెట్టే ఈ పరీక్ష పేరు టైమ్ స్పై. 2016లో వచ్చింది. సిలబస్ డైరెక్ట్‌ఎక్స్ 12, అంటే విండోస్‌లో ఆటలు గ్రాఫిక్స్ చిప్పుతో మాట్లాడే భాష. గ్రాఫిక్స్ పేపర్లు రెండు, ప్రాసెసర్ పేపరు ఒకటి. మొత్తం స్కోరులో గ్రాఫిక్స్‌కు 85 శాతం, ప్రాసెసర్‌కు 15 శాతం వెయిటేజీ. ఇంటర్ మార్కుల 25 శాతం వెయిటేజీని నిద్రలో లేపి అడిగినా లెక్కకట్టే ఊరికి ఇది బ్రహ్మవిద్యేం కాదు. అయినా తండ్రిగారు మొదటిరోజు తమ మొత్తం స్కోరును ఎదురు ఫ్లాటువాళ్ల గ్రాఫిక్స్ స్కోరు పక్కన పెట్టి చూసుకుని, అదనంగా ఒక రాత్రి కుమిలారు. మర్నాడు రెండు గ్రాఫిక్స్ స్కోర్లనే పోల్చి చూసుకుని, ఈసారి పద్ధతిగా కుమిలారు.

ఈ పరీక్ష తయారైంది ఫిన్లాండ్‌లో. అక్కడ పిల్లల చదువు మొత్తానికి దేశమంతటికీ కలిపి పరీక్ష ఒక్కటే, అదీ మన ఇంటర్ లాంటి చదువు ముగిసేటప్పుడు. అంతవరకూ ఆ పిల్లలకు ర్యాంకూ లేదు, ఫ్లెక్సీ లేదు. చేతిలో ఖాళీ ఎక్కువై, పాపం, యంత్రాలకు పరీక్షలు పెట్టుకుంటున్నారు. అయితే ఒక్క విషయంలో వాళ్లను మెచ్చుకోవాలి. స్ట్రెస్ టెస్టు అని ఇంకోటి పెట్టారు. ఒకే పేపరు వరుసగా 20 సార్లు రాయిస్తారు. మధ్యలో టీకి కూడా వదలరు. అన్నిసార్లలోనూ వేగం 97 శాతం నిలకడగా లేకపోతే ఫెయిల్. ఈ ఆలోచన మనవాళ్లకు రాకుండా వాళ్లకెలా వచ్చిందో అర్థం కాదు.

ఇక లాప్‌టాప్ చెప్పే సాకులు. మొదటిది తిండి. దీంట్లో ఉన్నది ఆర్‌టీఎక్స్ 4060 అనే గ్రాఫిక్స్ చిప్పు. తయారుచేసిన ఎన్విడియా దీనికి రాసిపెట్టిన పథ్యం 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా. ఆపైన ప్రాసెసర్ కంచంలోంచి అవసరాన్నిబట్టి ఇంకో 25 దాకా లాక్కోవచ్చు, దానికి డైనమిక్ బూస్ట్ అని మర్యాదైన పేరు. ఎంత వడ్డించాలో తేల్చేది లాప్‌టాప్ కంపెనీ. కాబట్టి డబ్బా మీద పేరు ఒకటే ఉన్నా, ఒక ఇంట్లో ఇది 60 వాట్లతో బతుకుతుంది, ఇంకో ఇంట్లో 140 తింటుంది. స్కోర్లు వేరుగా రావడానికి ఇదే కారణమని కుర్రాడి వాదన. కూతవేటు దూరంలో ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ స్టేషన్ 2,560 మెగావాట్లు ఇస్తుంటే, పటమటలో కూర్చుని 140 వాట్లు అందలేదనడం ఎంత సిగ్గుచేటు!

అసలు జరిగింది వేరు. లాప్‌టాప్‌తో వచ్చిన 230 వాట్ల చార్జర్ ఇటుకంత ఉంటుంది. బరువని దాన్ని బీరువాలో పట్టుచీరల పక్కన భద్రపరిచి, ఇంట్లో పడి ఉన్న 65 వాట్ల టైప్-సీ చార్జర్ గుచ్చారు. చార్జింగ్ ఎక్కుతున్నట్టే గుర్తు వస్తుంది, అందుకని ఎవరికీ అనుమానం రాలేదు. ఆ అరవైఐదులో స్క్రీనుకు పోగా, ప్రాసెసర్‌కు పోగా గ్రాఫిక్స్ చిప్పుకు దక్కేదెంత? ఉత్త బ్యాటరీ మీద నడిపినా ఇదే కథ. నూరు శాతం నిండి ఉన్నా బ్యాటరీ అంత కరెంటును ఒక్కసారిగా పెట్టలేదు. అందుకే లాప్‌టాపే ముందుజాగ్రత్తగా చిప్పు నోరు కట్టేస్తుంది. ఇదంతా నేను ఓపిగ్గా విన్నాను. విని ఒకటే అడిగాను: నీళ్ల సాంబారు తిని మన హాస్టళ్లలో పిల్లలు ర్యాంకులు తేలేదా?

మా అసోసియేషన్ సెక్రటరీగారు కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. ఆయన దృష్టిలో లోకంలో ఉన్న రోగాలన్నీ లో వోల్టేజీ వల్ల వచ్చినవే. ఆయన మాట మీద స్టెబిలైజర్ కొన్నారు. చార్జర్ ఇటుక వెనకాలే 100 నుంచి 240 వోల్టుల దాకా ఏదొచ్చినా ఫరవాలేదని అచ్చువేసి ఉంటుంది. అది చదవాలంటే బీరువా తెరవాలి. స్టెబిలైజర్ పెట్టాక స్కోరు ఏడువేల నూట తొంభై. సెక్రటరీగారు "చూశారా, కదలిక వచ్చింది" అన్నారు.

రెండో సాకు వేడి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది మన పెద్దలు కనిపెట్టిన స్ట్రెస్ టెస్టు. ఈ చిప్పులు సుమారు 87 డిగ్రీల దగ్గర చేతులెత్తేస్తాయి. అంతకుమించి కాలకుండా తమ వేగం తామే తగ్గించుకుంటాయి. థర్మల్ థ్రాట్లింగ్ అంటారట. మా రోజుల్లో దీన్ని బద్ధకం అనేవారు. గదిలో 25 డిగ్రీలున్నప్పుడు వచ్చిన స్కోరు గదిలో 40 ఉన్నప్పుడు రాదని కుర్రాడు వాదించాడు. ఫ్యాను ఊదేది గదిలో గాలినే కదా, గది పదిహేను డిగ్రీలు వేడెక్కితే లోపల చిప్పు కూడా దాదాపు అంతే పైకి ఎక్కుతుంది అని బొమ్మ గీసి మరీ చూపించాడు. బయట పదివేలు తెచ్చుకున్న లాప్‌టాప్‌లన్నీ ఏసీ గదుల్లో, గట్టి బల్లల మీద కూర్చుని పరీక్ష రాసినవట. మనది డబుల్ కాట్ మీద, బొంత మీద, అడుగున గాలి పీల్చే చిల్లులన్నీ మూసుకుపోయి రాసింది.

వెంటనే తండ్రిగారు ఏసీ వేయించారు. ఇరవై రెండులో పెట్టి, తలుపు కింద సందుకు గోనెపట్టా అడ్డం కొట్టారు. ఇదే గదిలో ఇదే కుర్రాడు ఇంటర్ రెండేళ్లూ చదివాడు. అప్పుడు ఏసీ వేస్తే నిద్రొస్తుందని రిమోట్ తల్లిగారి బీరువాలో ఉండేది. ఇప్పుడు చార్జర్ ఉన్నచోటే.

మూడో సాకు దొంగ హాజరు. ఈ లాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ రెండుంటాయి. ప్రాసెసర్‌తో కలిసి పుట్టిన చిన్నది ఒకటి, డబ్బు పోసి తెచ్చిన పెద్దది ఒకటి. 2010లో ఎన్విడియా ఆప్టిమస్ అనే ఏర్పాటు తెచ్చింది. బ్యాటరీ మిగల్చడానికి తేలిక పనులు చిన్నది చేస్తుంది, బరువు పనికి పెద్దది లేస్తుంది. ఒక్కోసారి పెద్దది పడుకునే ఉండి, చిన్నదే హాల్ టికెట్ పట్టుకెళ్లి పరీక్ష రాసి వస్తుంది. స్కోరు మరీ వెయ్యీ రెండువేల దగ్గర ఆగితే మొదట అనుమానించాల్సింది దీన్ని. విండోస్ సెట్టింగుల్లో డిస్‌ప్లే కింద గ్రాఫిక్స్‌లోకి వెళ్లి, ఏ ప్రోగ్రాము ఎవరు రాయాలో తేల్చి చెప్పాలి. పెద్దది చేసిన పని కూడా చిన్నదాని చేతుల మీదుగానే స్క్రీనుకు వెళ్తుంది కాబట్టి ఆటల్లో కొంత వేగం దారిలోనే హరించుకుపోతుంది. మక్స్ స్విచ్ ఉన్న లాప్‌టాప్‌లో ఆ దళారీని తప్పించవచ్చు. ఉన్నదీ లేనిదీ కొనేముందు చూసుకోవాలి. కొనేముందు మనవాళ్లు చూసేది కీబోర్డులో వెలిగే రంగులు.

ర్యామ్ ఒకటే పట్టీ ఉండటం నాలుగో సాకు. దాని దెబ్బ గ్రాఫిక్స్ స్కోరు కన్నా ప్రాసెసర్ స్కోరు మీద, ఆటల మీద ఎక్కువ పడుతుంది. కాబట్టి ఈ కేసులో దాన్ని కొట్టిపారేశాను.

ఒకే పేరున్నవాళ్ల గొడవ మాత్రం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. మా మేనల్లుడు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి తన ఆర్‌టీఎక్స్ 4090 చిప్పు స్కోరు చెప్పాడు. అది డెస్క్‌టాప్. లాప్‌టాప్ 4090, డెస్క్‌టాప్ 4090 పేరుకు కవలలు. లోపల చిప్పులే వేరు. డెస్క్‌టాప్ దానికి 24 జీబీ మెమరీ, 450 వాట్లు. లాప్‌టాప్ దానికి 16 జీబీ, 150 వాట్లు, మహా అయితే ఇంకో 25. పూర్వం తక్కువ తినేవాటి పేరు చివర మాక్స్-క్యూ అని ఉండేది, చూసి పోల్చుకునేవాళ్లం. 2021లో 30 సిరీస్‌తో ఆ తోక కూడా పేర్లోంచి తీసేశారు. ఇంటిపేర్లు కొట్టేసి ఫలితాలు గోడకు అంటిస్తే ఏ తండ్రి ఏ ర్యాంకు చూసి మురవాలి?

మాల్‌ప్రాక్టీస్ చరిత్ర కూడా ఈ రంగంలో ఘనంగానే ఉంది. 2001లో ఏటీఐ అనే గ్రాఫిక్స్ చిప్పుల కంపెనీవారి డ్రైవరు (చిప్పును నడిపించే సాఫ్ట్‌వేర్) క్వేక్ 3 అనే ఆటను పేరు చూసి గుర్తుపట్టి బొమ్మల నాణ్యత తగ్గించి వేగం చూపించేది. ఎవరో ఫైలు పేరు క్వాక్ అని మార్చి నడిపితే వేగం పడిపోయింది. 2003లో 3డీమార్క్ వారే ఎన్విడియా డ్రైవర్లు తమ పరీక్షను గుర్తుపట్టి, కెమెరా ఎటు తిరుగుతుందో ముందే తెలిసినట్టు, కనిపించని చోట పని ఎగ్గొడుతున్నాయని నివేదిక ఇచ్చారు. ఆపైన కొద్దిరోజులకే ఇద్దరూ కలిసి కూర్చుని, అది మోసం కాదు, ఆ పరీక్షకు ప్రత్యేకంగా చేసుకున్న అనుకూలత అని ప్రకటన ఇచ్చారు. ఇంపార్టెంట్ క్వశ్చన్స్ అన్నమాట. ఇందులో తప్పేముందో నాకిప్పటికీ తెలియదు.

చివరకు లాప్‌టాప్‌ను గవర్నర్‌పేటలో ఒక రిపేరు కొట్టుకు తీసుకెళ్లారు. నేనూ వెంట వెళ్లాను, పెద్దదిక్కుగా. మాకంటే ముందు గుంటూరు మిర్చి యార్డు పక్కనుంచి ఒక కమీషన్ వ్యాపారి లాప్‌టాప్ వచ్చి ఉంది. దాని ఫ్యాను విప్పగానే కొట్లో అందరం తుమ్మాం, ఎదుటి జిరాక్స్ కొట్టతను కూడా. మనదాన్ని కుర్రమెకానిక్ విప్పలేదు. తిరగేసి చూసి ఒకటే అడిగాడు.

"పెద్ద చార్జర్ తేలేదాండీ?"

"అది బరువు బాబూ."

అతను తన దగ్గరున్న అలాంటిదే తగిలించి, సైలెంట్ మోడ్‌లో ఉన్నదాన్ని పెర్ఫార్మెన్స్ మోడ్‌కు మార్చి, వెనకాల నడుస్తున్న అప్‌డేట్లు ఆపి, అడుగున రెండు మూతలు పెట్టి బల్ల మీంచి పైకి లేపి టెస్టు పెట్టాడు. పదివేల మూడొందలు. "డ్రైవర్ బానే ఉందండీ, చిప్పు వేడి లాగే పేస్టు కూడా ఇప్పుడే మార్చక్కర్లా. దుప్పటి మీద పెట్టకండి" అన్నాడు. డబ్బులు తీసుకోలేదు. ఉచితంగా ఇచ్చిన సలహాకు మా ఊళ్లో విలువ ఉండదని తెలిసి, తండ్రిగారు బలవంతాన ఆ పేస్టు మార్పించుకున్నారు.

ఇంటికొచ్చాక స్కోరు కింద చిన్న అక్షరాల్లో, మొత్తం ఫలితాల్లో ఇంతశాతం కన్నా మీది మెరుగు అని ఉండటం తండ్రిగారి కంటపడింది. అప్పట్నుంచి మిగతా శాతం ఎవరన్న బెంగ పట్టుకుంది ఆయనకు. సమయం చూసి నేను నా ప్రతిపాదన చెప్పాను. ఇలా అడిగిందల్లా అమర్చి తెప్పించుకున్న మార్కులు నిలవవు. లాప్‌టాప్‌ను ఏడాదిపాటు లాంగ్ టర్మ్‌లో చేర్పించాలి. నిడమానూరు వైపో ఈడుపుగల్లు వైపో ఒక రేకుల షెడ్డు చూసి, తెల్లవారుజామున అయిదింటికి ఆన్ చేసి రాత్రి పదకొండింటికి ఆపాలి. ఆదివారం వీకెండ్ టెస్టు, సోమవారం సెక్షన్ మార్పు. కీబోర్డు రంగులు కట్. ఆటలు పూర్తిగా బంద్. ఈ చివరి షరతుకు కుర్రాడు బాధపడతాడనుకుంటే, కొన్నప్పట్నుంచీ స్కోరు చూసుకోవడమే తప్ప ఒక్క ఆటా ఆడలేదని తేలింది. బుద్ధిమంతుడు.

పదివేల మూడొందలకు ఇప్పుడు బెంజి సర్కిల్ దగ్గర ఫ్లెక్సీ కట్టాలని చూస్తున్నారు. మెకానిక్ మా కొట్టు స్టూడెంటే అంటున్నాడు. స్టెబిలైజర్ అమ్మినాయన పునాది మాది అంటున్నాడు. ఇద్దరూ చెరొకటి కట్టుకోవచ్చునని, ఫొటో మాత్రం ఒకటే వాడాలని సర్దిచెప్పాను. ఫొటో బాగానే వచ్చింది. పక్కన కుర్రాడు కూడా పడ్డాడు. వాడి ర్యాంకు గుర్తుచేసి, ఆ మేరకు కత్తిరించమన్నాను.